దరఖాస్తులో నేనెక్కడ, ఆమె ఎక్కడ?

నా మొదటి దరఖాస్తును తిరస్కరించామని నాలుగు వాక్యాల ఉత్తరం వచ్చిన రోజు సుల్తానాబాద్‌లో నాట్లు జోరుగా సాగుతున్నాయి. మా ఇల్లు రాజీవ్ రహదారికి దగ్గర. రోడ్డు దాటితే రైస్ మిల్లులు, ఇంకొంచెం పోతే పొలాలు. ఆ పొలాల్లో నాటేసేటప్పుడు ఆడవాళ్లు పాడే పాటల మీద రెండేళ్లు పనిచేయడానికి ఒక సంస్థను డబ్బు అడిగాను. ఉత్తరంలో కారణం రాయలేదు. రెండు రోజులు ఎవరికీ చెప్పుకోలేదు. సాహిత్యంలో డాక్టరేటు చేసి, ఇన్నేళ్లుగా ఇతరుల రచనల మంచిచెడ్డలు చెబుతున్న నేను పదకొండు పేజీలు రాసి ముగ్గురు మనుషుల్ని ఒప్పించలేకపోయానా అని సిగ్గేసింది.

మూడోరోజు ఆ పదకొండు పేజీలూ పట్టుకుని, నాకు మొట్టమొదట పాటలు చెప్పిన అవ్వ దగ్గరికి వెళ్లాను. డెబ్బయి దాటిన మనిషి. చదువుకోలేదు. అరుగు మీద కూర్చుని మొత్తం చదివి వినిపించాను. మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాకుండా విన్నది. చివరికి, "మంచిగనే ఉన్నది బిడ్డా. గని ఇండ్ల నువ్వేడున్నవ్? నేనేడున్న?" అన్నది.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. "పుస్తకమైనంక రాయి, ఉత్తుత్త కాయితాల మీద ఎందుకు" అన్నది ఆమే. ఆ ప్రశ్నను పట్టుకుని నా దరఖాస్తును నేనే మళ్లీ చదువుకున్నాను, వేరేవాళ్ల రచనను విమర్శకు తీసుకున్నట్టుగా. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

ఇది కూడా రచనే

దరఖాస్తును మనం రచనగా ఎంచము. కథ, కవిత, వ్యాసం అయితే నాలుగుసార్లు దిద్దుతాం. దరఖాస్తును మాత్రం గడువుకు ముందురోజు రాత్రి, అంట్లు తోమాక, పిల్లలు పడుకున్నాక నింపి పంపిస్తాం. అదొక గుమాస్తా పని అనుకుంటాం. కానీ మన ప్రాచీన కావ్యాల ముందు ఉండే అవతారిక చేసే పని దీనికి చాలా దగ్గరిది. కవి ఎవరు, ఏ వంశం, ఇంతకుముందు ఏం రాశాడు, ఈ కథే ఎందుకు, కృతిపతి ఎవరు అన్నవన్నీ అందులో ఉంటాయి. ఇవాళ్టి ఫారాలు అడిగేవి కూడా దాదాపు ఇవే ప్రశ్నలు. రాజు పోయి కమిటీ వచ్చింది.

ఆ అవతారికల్లో స్త్రీ రాసుకున్నది గుర్తు చేసుకోవాలంటే ముద్దుపళని దగ్గరికి పోవాలి. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని 'రాధికా సాంత్వనము' పీఠికలో తన నాయనమ్మ మొదలుకొని తన ఇంటి ఆడవాళ్ల గురించి చెప్పింది. తన పాండిత్యం గురించి, తనకు కృతులు అంకితమివ్వడం గురించి, తాను పండితులను ధనంతో సత్కరించడం గురించి ఏ సంకోచమూ లేకుండా చెప్పుకుంది. అంటే ఆమె ఆశ్రయం పొందిన కవయిత్రి మాత్రమే కాదు, ఆశ్రయం ఇచ్చిన మనిషి కూడా. 1887లో ఆ కావ్యాన్ని అచ్చువేసినప్పుడు ఆ పీఠికను వదిలేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతిని వెతికి పట్టుకుని 1910లో వావిళ్లవారి ద్వారా ప్రచురించాకే అది మళ్లీ వెలుగు చూసింది. శృంగారం ఎక్కువైందని కావ్యం మీద వచ్చిన గొడవ మనందరికీ తెలుసు. పీఠికలో శృంగారం లేదు కదా, అది ఎందుకు పోయింది? ఒక స్త్రీ తానెవరో, తన విలువెంతో తానే చెప్పుకున్న భాగం సంపాదకుడికి అనవసరంగా కనిపించింది.

నా దరఖాస్తులో ఆ భాగాన్ని ఏ సంపాదకుడూ తీసేయలేదు. నేనే రాయలేదు.

'బడు' మాటున

నా పద్ధతి గురించి రాసిన పేజీలో క్రియలన్నీ గీత గీసి చూశాను. పాటలు సేకరించబడును. విశ్లేషించబడును. భద్రపరచబడును. ఎవరు సేకరిస్తారు? తెలుగులో క్రియ చివరనే మనిషి ఉంటుంది. 'సేకరిస్తాను' అంటే ఆ 'ను'లో నేనున్నాను. 'పాడుతది' అంటే ఆమె ఉన్నది. 'బడు' చేర్చగానే ఇద్దరమూ మాయమయ్యాం. ఈ ప్రయోగం తెలుగుకు సహజం కాదని పిల్లలకు పాఠం చెప్పే నేనే పదకొండు పేజీల్లో ముప్ఫైకి పైగా వాడాను. ఆఫీసు భాష గంభీరంగా ఉంటుందని భయపడి వాడాను. 'నేను' అంటే గొప్పలు పోయినట్టుంటుందని చిన్నప్పటి నుంచీ విన్న మాట కూడా అందులో ఉంది. నేనొక్కదాన్నే ఇలా రాశాననుకోను. స్నేహితురాళ్లవి మరో నాలుగు దరఖాస్తులు అడిగి చదివాను. వాటిలోనూ ఇదే వినయం. 'నాకు కొంత పరిచయం ఉంది' అని రాసినామె ఆ విషయం మీద రెండు పుస్తకాలు వేసింది!

తర్వాత విశేషణాలు చూశాను. మొదటి వాక్యంలోనే 'అంతరించిపోతున్న ప్రాచీన జానపద సంపద' అని ఉంది. ఈ మాట రాస్తే డబ్బులిచ్చేవాళ్లు కరుగుతారని మనకొక నమ్మకం. చచ్చిపోతోందంటే తప్ప కళకు విలువ లేనట్టు! పాటలు తగ్గిన మాట నిజమే. ఎందుకు తగ్గాయో ఆ ఆడవాళ్లను అడిగితే చెప్పారు. కైకిలి రోజు లెక్కన ఉన్నప్పుడు పాట చేతుల వేగాన్ని కలిపేది. గుత్త పట్టినప్పుడు ఎకరం ఎంత తొందరగా ఒడిస్తే అంత లాభం, పాటకు ఊపిరి ఎక్కడిది అన్నారు. ఈమధ్య బీహార్ నుంచి, బెంగాల్ నుంచి నాట్లకు ముఠాలు వస్తున్నాయి. కొన్ని మళ్లల్లో ఇప్పుడు నాటేసేది మగవాళ్లు. ఇదంతా శ్రమ చరిత్ర. నేను 'ఆధునికత ప్రభావం వల్ల' అని మూడు మాటల్లో తేల్చేసి, నా దగ్గరున్న అసలు ప్రశ్నను నేనే పారేసుకున్నాను. కూలి పద్ధతి మారితే ఆడవాళ్ల పాట ఎలా మారింది? ఇది ప్రశ్న. 'నాటు పాటల సేకరణ, పరిశీలన' ప్రశ్న కాదు, అదొక శీర్షిక మాత్రమే. కమిటీలో కూర్చున్నవాళ్లకు వందల శీర్షికలు వస్తాయి. ప్రశ్నతో వచ్చేవి కొన్నే ఉంటాయి.

ఇక 'మహిళా సాధికారత' అన్న మాటను ఏడుచోట్ల చల్లాను. ఎవరికి, ఏ సాధికారత, ఎట్లా అన్నది ఒక్కచోట కూడా లేదు. మనం పోరాడి తెచ్చుకున్న మాటలను మనమే ఇలా ఉప్పులా చల్లితే వాటికి రుచి ఉంటుందా?

బడ్జెట్ పేజీ

అన్నిటికన్నా నన్ను సిగ్గుపడేలా చేసింది చివరి పేజీ. రికార్డర్‌కు, ప్రయాణాలకు, టైపింగుకు, జిరాక్సుకు, పుస్తకాలకు లెక్క రాశాను. పాడే ఆడవాళ్లకు? 'టీ, టిఫిన్' అని ఒక గీటు. నా సమయానికి? సున్నా. సున్నా రాస్తే నా నిబద్ధత కనిపిస్తుందనుకున్నాను.

మన ప్రాంతంలో కళకు పూర్వం నుంచీ ఒక ఆర్థిక ఏర్పాటు ఉంది. చిందు భాగవతం ఆడేవాళ్లకు ఊళ్ల మీద మిరాశి హక్కు. ఒగ్గు కథకు గొల్ల, కురుమల ఆదరణ. ఇవి కులం కట్టిన ఏర్పాట్లు, వాటిలోని అవమానాన్ని నేను దాచడం లేదు. చిందు ఆటలో ఆడవాళ్లూ గజ్జె కట్టారు, నిజామాబాద్ ప్రాంతపు చిందు ఎల్లమ్మ పేరు అందరికీ తెలుసు. అయినా ఆ లెక్కలో ఆట ఒక పని అన్న గుర్తింపు ఉంది. నాటు పాటకు అదీ లేదు. బతుకమ్మ పాటకూ లేదు. కైకిలి చేతులకు ఇచ్చారు, గొంతుకు ఇవ్వలేదు. నేను నా బడ్జెట్‌లో 'టీ, టిఫిన్' అని రాసినప్పుడు ఆ దొర లెక్కనే కంప్యూటర్లో కొట్టాను.

వర్జీనియా వూల్ఫ్ 1929లో అచ్చయిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో రాసే స్త్రీకి సొంత గది, ఏడాదికి 500 పౌండ్లు కావాలని చెప్పింది. గది గురించి మనం చాలా మాట్లాడుకున్నాం, 500 గురించి తక్కువ. ఆ పుస్తకంలో మాట్లాడే స్త్రీకి ఆ డబ్బు మేనత్త వీలునామా వల్ల వస్తుంది. ఆ మేనత్త బొంబాయిలో గుర్రం మీది నుంచి పడి చనిపోయింది. వలస పాలన నాటి బొంబాయి! ఏ డబ్బుకైనా వెనక ఎవరి చెమటో ఉంటుందని వూల్ఫ్ చెప్పదలచుకుందో లేదో గాని, ఆ వాక్యం దగ్గర మనదేశపు పాఠకురాలు ఒక్క క్షణం ఆగకుండా ఉండలేదు. నాకు మాత్రం ఆమెలో నచ్చేది అంకె చెప్పడం. 'కొంత ఆర్థిక సహాయం' అనలేదు. 500 అన్నది.

రెండోసారి బడ్జెట్ ఇలా వేశాను. పన్నెండుమంది పాడేవాళ్లు, ఒక్కొక్కరితో నాలుగు పూటలు. ప్రతి పూటకూ ఆ సీజన్లో నడుస్తున్న నాటు కూలి ఎంతో అంత, పాటకు విడిగా పారితోషికం. నా పనికి నెలకు ఇంత. నేను ఊళ్లు తిరిగే రోజుల్లో మా చిన్నమ్మాయిని చూసుకునే మనిషికి ఇంత. ఈ చివరి గీటు రాయడానికి నా చెయ్యి వణికింది. పరిశోధన ఖర్చులో పిల్లను చూసే ఖర్చేంటని నవ్వుతారనిపించింది. కానీ ఇన్నాళ్లూ ఆ ఖర్చు మా అమ్మ మోకాళ్లు భరిస్తున్నాయి. రాయకపోతే ఖర్చు లేకుండా పోదు, ఎవరు కడుతున్నారో కనిపించకుండా పోతుంది. ప్రతి అంకె పక్కనా అది ఎందుకో ఒక వాక్యం రాశాను. సంస్థ ఒప్పుకోకపోతే కొట్టేస్తుంది. కొట్టేసేటప్పుడైనా ఒకసారి చదువుతుంది కదా.

పాట ఎవరిది?

డబ్బుకు షరతులుంటాయి. జోరా నీల్ హర్‌స్టన్ ఉదంతం ప్రతి పరిశోధకురాలూ తెలుసుకోవాలి. అమెరికా దక్షిణాది నల్లవాళ్ల కథలు, పాటలు సేకరించిన నల్లజాతి రచయిత్రి ఆమె. 1927 డిసెంబరులో షార్లెట్ ఆస్‌గుడ్ మేసన్ అనే ధనవంతురాలైన తెల్లామెతో ఒప్పందం మీద సంతకం చేసింది. నెలకు 200 డాలర్లు, తిరగడానికి కారు, ఒక సినిమా కెమెరా. బదులుగా సేకరించినదంతా మేసన్ సొత్తు, ఆమె అనుమతి లేకుండా ఎవరికీ చూపకూడదు. హర్‌స్టన్ తన సొంత ఊరి మనుషుల కథలను అచ్చువేసుకోవడానికి ఏళ్ల తరబడి ఆగవలసి వచ్చింది. 'మ్యూల్స్ అండ్ మెన్' 1935లో గాని రాలేదు. ఆ మరుసటి ఏడాది గుగెన్‌హైమ్ ఫెలోషిప్ మీద కరీబియన్ దీవులకు వెళ్లినప్పుడు, హైతీలో ఏడు వారాల్లో 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' నవల రాసింది. ఒకే మనిషి, రెండు రకాల డబ్బు! ఒకటి ఆమె చేతులు కట్టింది, ఒకటి సమయమిచ్చింది. 1960లో పేదరికంలో చనిపోతే సమాధి మీద పేరు కూడా లేదు. 1973లో అలిస్ వాకర్ వెతుక్కుంటూ పోయి రాయి పెట్టించింది.

హర్‌స్టన్‌కు మేసన్ ఎలాగో, మా అవ్వకు నేను అలా కాకూడదు కదా! నా మొదటి దరఖాస్తులో 'సేకరించిన సమాచారంపై హక్కులు' అన్న గడిలో 'పరిశోధకురాలివి' అని రాసి ఉంది. పాటలు చెప్పినవాళ్లు 'సమాచారదాతలు' అయ్యారు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేసినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ పేర్లతో, తమ మాటతీరుతో మాట్లాడారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల రచనలను రచయిత్రుల పేర్లతో, వాళ్ల జీవితాలతో సహా మన ముందు పెట్టింది. ఇంత వారసత్వం ఉన్న చోట నేను మళ్లీ 'సమాచారదాత' దగ్గరికి ఎలా వెనక్కి పోయాను? ఫారంలో ఆ గడి ఉంది కాబట్టి. గడిలో ఉన్న మాటనే నింపడం మనకు బడిలో నేర్పిన విధేయత. రెండోసారి ఆ గడిలో 'పాడినవారివి. అచ్చుకూ ప్రదర్శనకూ వారి అనుమతి అవసరం' అని రాశాను.

ఎవరు అడగగలరు?

ఫారాలను దాటి నిబంధనలను కూడా చదవాలి. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ఫెలోషిప్పుల నిబంధనల్లో నేను చదివినంతలో జూనియర్‌కు 25 నుంచి 40 ఏళ్ల వయసు, నెలకు 10,000 రూపాయలు. సీనియర్‌కు 40 దాటాలి, 20,000. రెండూ రెండేళ్లపాటు. డిగ్రీ తప్పనిసరి. పాట నాకు చెప్పిన మనిషి ఎప్పటికీ దరఖాస్తు చేయలేదు, ఆమె పాట మీద నేను చేయగలను. ఇది నా తప్పు కాకపోవచ్చు. కానీ ఆ అవకాశం నాకెలా వచ్చిందో మరచిపోతే తప్పు నాదే అవుతుంది. పెళ్లి, పురుళ్లు, బదిలీలు దాటుకుని నలభైలో మొదలుపెట్టే స్త్రీ సీనియర్‌గా ఏ అనుభవం చూపించాలన్నది ఇంకో ప్రశ్న. ఆ మధ్య ఏళ్లను 'విరామం' అని రాయకండి. ఆ ఏళ్లలో ఏం చదివారో, ఎవరి దగ్గర ఏం విన్నారో, ఏం రాసి దాచుకున్నారో అది రాయండి.

భాష కూడా అడ్డుగోడే, అన్నిచోట్లా కాదు. బెంగళూరులో 1993లో ఏర్పడిన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1995 నుంచి కళాకారులకు, పరిశోధకులకు గ్రాంట్లు ఇస్తోంది. ప్రతిపాదనను ఏ భారతీయ భాషలోనైనా పంపవచ్చని దాని ప్రకటనల్లో ఉంటుంది. ఇంగ్లీషు రాదని ఆగిపోయిన స్నేహితురాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆగవలసిన పనిలేదు. అయితే తెలుగులో రాసినంత మాత్రాన తెలుగు అయిపోదని నా 'బడు'లు నేర్పాయి.

ఇంత చెప్పాక ఒక మిత్రురాలు అన్నది, "ఇదంతా ఎందుకు? డబ్బు తీసుకుంటే ఉద్యమం ప్రాజెక్టు అయిపోతుంది" అని. ఆ భయం నాకూ ఉంది. రిపోర్టుల గడువులకు తగ్గట్టు ఆలోచనలు కుంచించుకుపోవడం నేనూ చూశాను. కానీ రాజులకు కృతి ఇవ్వనన్న పోతన నాగలి పట్టాడని గర్వంగా చెప్పుకునే మనం ఆ ఇంట్లో పొయ్యి రాజేసినామె గురించి ఎప్పుడైనా మాట్లాడుకున్నామా? ఎవరి దగ్గరా చేయి చాచని పనికి కూడా ఎవరో ఒకరు ఖర్చు పెట్టుకుంటూనే ఉన్నారు. భర్త జీతమో, అమ్మ ఒంటి సత్తువో, పాట చెప్పడానికి కైకిలి మానుకున్నామె పూటకూలో అందులో పోతోంది. ఆ లెక్క కాగితం మీద పెట్టాక, ఏ షరతుకు ఒప్పుకోవాలో దేనికి వద్దనాలో అందరం కలిసి నిర్ణయించుకోవచ్చు. లెక్కే లేనప్పుడు నిర్ణయించుకోవడానికి ఏముంటుంది?

రెండో దరఖాస్తు ఆరు పేజీలే వచ్చింది. పంపే ముందు అవ్వ వాకిట్లోనే చదివాను. ఈసారి ఆమెతోపాటు మరో అయిదుగురు ఉన్నారు. పాత అలవాటు కొద్దీ ఒకచోట 'అంతరించిపోతున్న' అన్న మాట మిగిలిపోయింది. "గదేంది, మేం బతికే ఉన్నం గద" అని ఒకామె నవ్వింది. అక్కడే కొట్టేశాను. బడ్జెట్ చదువుతున్నప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. పాటకు పైసలన్న మాట దగ్గర అవ్వ మళ్లీ చదవమన్నది. చదివాను. "గంత వద్దు, జర తక్కువ రాయి" అన్నది. ఎందుకవ్వా అంటే, "మరీ గంత రాస్తే నీకు ఇయ్యరేమో" అన్నది. మార్చలేదు.

జవాబు ఇంకా రాలేదు. వచ్చేలోగా ఈ పత్రిక చదువుతున్న మిత్రులకు నాదొక ప్రతిపాదన. తిరస్కరించిన దరఖాస్తులు మనందరి బీరువాల్లో ఉన్నాయి. అచ్చయిన రచనలతో మన సాహిత్య చరిత్ర రాసుకుంటున్నాం. రాయడానికి సమయం అడిగి, దొరకక ఆగిపోయిన రచనల చరిత్ర ఆ కాగితాల్లో ఉంది. వాటిని బయటికి తీసి ఒకరివొకరు చదువుదాం. నావి ఆ పదకొండు పేజీలూ, ముప్ఫై 'బడు'లతో సహా, ఎవరు అడిగినా ఇస్తాను.